బస్తా కుట్టు, ప్రొటీన్ మడత: నిర్మాణం చూసి విప్పుకునే వేగాన్ని అంచనా వేయడం ఎలా

పాతిక కేజీల బియ్యం బస్తా మూతి విప్పడం మనందరికీ తెలిసిన పనే. దారం కొస సరైనది దొరికితే ఒక్క లాగుతో సర్రున మొత్తం ఊడొస్తుంది. అవతలి కొస పట్టుకుంటే ఎంత లాగినా ఇంకా బిగుసుకుంటుందే తప్ప రాదు. చివరికి కత్తెర తేవాల్సిందే. దారం అదే, కుట్టూ అదే. ముందుగా ఏ మెలిక వదలాలన్న దగ్గరే తేడా అంతా.

ప్రొటీన్ మడతల దగ్గర చాలామంది తడబడేది ఇక్కడే. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలను వరుసగా గుచ్చిన గొలుసు, అది ముడుచుకుని ఒక ఆకారం తీసుకోవడమే మడత. "బాగా స్థిరంగా ఉండే ప్రొటీన్ నెమ్మదిగా విప్పుకుంటుంది, బలహీనమైనది గబుక్కున విప్పుకుంటుంది" అని నేర్చుకుని వస్తారు. అందులో సగం నిజమే. మిగతా సగం కోసమే ఈ వ్యాసం. ఒక ప్రొటీన్ నిర్మాణాన్ని తెర మీద పెట్టుకుని, అది సెకనులో విప్పుకుంటుందా, రోజుల తరబడి నిలబడుతుందా అని ముందే ఊహించడం, ఆ ఊహ నిజమో కాదో ప్రయోగశాలలో తేల్చుకోవడం ఎలాగో వరుసగా చెబుతాను. ఎమ్మెస్సీ స్థాయి బయోకెమిస్ట్రీ వచ్చినవాళ్ళకు ఏ ఇబ్బందీ ఉండదు. రానివాళ్ళు లెక్కలు దాటేసి చదువుకున్నా విషయం అందుతుంది.

మొదటి అడుగు: స్థిరత్వాన్నీ వేగాన్నీ విడదీయండి

కనుమ దారికి అటొకటి ఇటొకటి రెండు ఊళ్ళున్నాయనుకోండి. ఒకటి మడత పడిన స్థితి, రెండోది విప్పుకున్న స్థితి. రెండు ఊళ్ళ ఎత్తుల్లో తేడా ఎంతో చెప్పేది స్థిరత్వం. మడత ఊరి నుంచి కనుమ నెత్తి దాకా ఎంత ఎక్కాలో చెప్పేది విప్పుకునే వేగం. శాస్త్రజ్ఞులు ట్రాన్సిషన్ స్టేట్ అనేది ఈ కనుమ నెత్తినే. రెండో ఊరు పల్లంలో ఉన్నా, మధ్య కనుమ ఎత్తుగా ఉంటే మొదటి ఊరి జనం కదలరు.

లెక్క చిన్నదే. గది ఉష్ణోగ్రత దగ్గర ఎక్కాల్సిన ఎత్తు మోలుకు 1.36 కిలోక్యాలరీలు పెరిగితే వేగం పదో వంతుకు పడిపోతుంది. రెండింతలు పెరిగితే నూరో వంతుకు. మామూలు హైడ్రోజన్ బంధం ఒకటో రెండో అటూ ఇటూ అయినంత మాత్రాన గంటలు రోజులవడం ఇందువల్లే. వేగం తెలిస్తే 0.693ను దానితో భాగిస్తే అర్ధాయువు వస్తుంది, అంటే సగం అణువులు విప్పుకోవడానికి పట్టే కాలం.

ఈ తేడా ఎంత దూరం పోగలదో చూపించే ప్రొటీన్ ఒకటుంది, ఆల్ఫా లైటిక్ ప్రోటియేజ్. లైసోబాక్టర్ అనే నేల బాక్టీరియా దీన్ని తన చుట్టుపక్కల సూక్ష్మజీవులను జీర్ణం చేసుకోవడానికి బయటికి వదులుతుంది. కాలిఫోర్నియాలో డేవిడ్ అగార్డ్ బృందం 1998లో తేల్చిన సంగతి వింతగా ఉంటుంది: ఈ ప్రొటీన్‌కు మడత పడిన స్థితి కంటే విప్పుకున్న స్థితే శక్తిపరంగా మేలు. స్థిరత్వం లెక్కన అది మడతలో ఉండకూడదు. అయినా విప్పుకోవడానికి అర్ధాయువు సుమారు 1.2 సంవత్సరాలు. తనంతట తాను మడత పడాలంటే సుమారు 1,800 ఏళ్ళు. అందుకే పుట్టేటప్పుడు దాని ముందు ఒక తోక అతుక్కుని వస్తుంది. ఆ తోక చేయి పట్టుకుని కనుమ దాటించి, తర్వాత ముక్కలై పోతుంది. ప్రొటీన్లను నమిలే ఎంజైములున్న చోట బతకాల్సిన ఎంజైము ఇది. ఒక్క క్షణం మడత విప్పినా తోటి ఎంజైమే కొరికేస్తుంది. దానికి కావలసింది పల్లం కాదు, ఎత్తైన కనుమ. ఈ రకం గుణాన్ని గతిక స్థిరత్వం అంటారు.

రెండో అడుగు: నిర్మాణం తెచ్చుకోండి, తెచ్చుకున్నదాన్ని అనుమానించండి

ప్రొటీన్ డేటా బ్యాంకులో నిర్మాణాలు ఉచితం. వాటిని తెర మీద చూపే పైమోల్ గానీ కైమెరాఎక్స్ గానీ ఉంటే చాలు. చేయి తిరగడానికి నేను సూచించేది బార్లీ గింజల్లో దొరికే కైమోట్రిప్సిన్ ఇన్హిబిటర్ 2. బంధువులంతా సీఐ2 అని పిలుస్తారు. కుదించిన రూపంలో 64 అమైనో ఆమ్లాలు, ఒక ఆల్ఫా హెలిక్స్ (స్ప్రింగులా చుట్టుకున్న భాగం), దాన్ని ఆనుకుని ఒక బీటా షీట్ (చాచిన పోగులు పక్కపక్కన చేరిన పలక). డైసల్ఫైడ్ బంధాలు, అంటే రెండు గంధకపు పరమాణువుల మధ్య పడే గట్టి కుట్లు, లేవు. మధ్యలో ఆగకుండా ఒక్క గెంతులో మడత పడి, ఒక్క గెంతులో విప్పుకుంటుందని 1991లో సోఫీ జాక్సన్, అలన్ ఫెర్ష్ట్ చూపించారు. అప్పటి నుంచీ ఈ రంగంలో ఇది బడిపిల్లల పలక లాంటిది.

ఫైలు తెరవగానే మూడు సంగతులు చూడాలి. ఒకటి, ఆ ప్రొటీన్ ఒంటరిగా పనిచేస్తుందా, జంటగానో నలుగురుగానో ఉంటుందా. ఫైల్లో ఒక్క గొలుసే కనబడినంత మాత్రాన జీవకణంలో అది ఒంటరి కాదు, బయోలాజికల్ అసెంబ్లీ (జీవకణంలో ఉండే అసలు గుంపు రూపం) తెరిచి చూడండి. రెండు, లోహ అయాన్లు, హీమ్ వంటి అతిథులు ఉన్నాయా. మూడు, మధ్యలో లేని భాగాలు. కంప్యూటరు ఊహించిన నిర్మాణాలుండే ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ నుంచి నమూనా తెచ్చుకుంటే ఇంకా జాగ్రత్త. అందులో కాల్షియమో జింకో కనబడవు. అక్కడి రంగుల నమ్మక సూచిక స్థిరత్వం గురించీ కాదు, వేగం గురించీ కాదు. నీలం రంగు చూసి "ఇది గట్టి ప్రొటీన్" అనేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు.

మూడో అడుగు: దూరపు చుట్టరికాలు లెక్కపెట్టండి

గొలుసులో పక్కపక్కన ఉన్నవాళ్ళు ఒకరినొకరు పట్టుకోవడం వేరు, ఎక్కడో అయిదో నంబరులో ఉన్నవాడు అరవయ్యో నంబరువాడిని పట్టుకోవడం వేరు. ఆల్ఫా హెలిక్స్‌లో ప్రతివాడూ తనకు నాలుగు స్థానాల అవతలివాడితోనే హైడ్రోజన్ బంధం కడతాడు. బీటా షీట్‌లో గొలుసు మొదలూ చివరా వచ్చి పక్కపక్కన చేరవచ్చు.

దీన్ని అంకెలో పెట్టడం తేలిక. పరమాణువులు 6 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తగులుకుంటున్న ప్రతి జతకూ గొలుసులో వాళ్ళ మధ్య దూరం రాయండి. 5కూ 9కీ మధ్య తగులు అయితే 4. 5కూ 60కీ మధ్య అయితే 55. అన్నిటి సగటే కాంటాక్ట్ ఆర్డర్. ఆ సగటును గొలుసు పొడవుతో భాగిస్తే సాపేక్ష విలువ, భాగించకపోతే నిరపేక్ష విలువ. ఇంకో కొలత లాంగ్ రేంజ్ ఆర్డర్. గొలుసులో 12 స్థానాలకు మించి దూరంగా ఉండి కూడా దగ్గరికి చేరిన జతలను లెక్కపెట్టి పొడవుతో భాగించడం. 2001లో దీన్ని ప్రతిపాదించినవాళ్ళు గ్రోమిహా, సెల్వరాజ్. గ్రోమిహా ఇప్పుడు మద్రాస్ ఐఐటీలో ఆచార్యులు.

కాంటాక్ట్ ఆర్డర్‌ను 1998లో ప్లాక్స్‌కో, సైమన్స్, బేకర్ మడత పడే వేగం కోసం తెచ్చారు. విప్పుకునే వేగానికి అది పెద్దగా పనికిరాదన్న అభిప్రాయం చాలాకాలం ఉండేది. 2015లో కెనడాలోని ఎలిజబెత్ మైరింగ్, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌కు చెందిన శచి గోసావి, వారి సహచరులు 108 ప్రొటీన్లను పక్కపక్కన పెట్టి చూశారు. విప్పుకునే వేగమూ నిరపేక్ష కాంటాక్ట్ ఆర్డర్, లాంగ్ రేంజ్ ఆర్డర్‌లతో అంతే గట్టిగా ముడిపడి ఉందని తేలింది. సహసంబంధం (ఒకటైతే పూర్తి పొంతన) 0.75, ఆపైన. పైగా విప్పుకునే వేగాలే మడత పడే వేగాల కంటే విశాలమైన పరిధిలో పరుచుకున్నాయి.

ఇంతకీ మీరు చేయాల్సిందేమిటి? దూరపు చుట్టరికాలు ఎక్కువున్న ప్రొటీన్‌కు "నెమ్మది" అని పెన్సిలుతో రాసుకోండి. చిన్న హెలిక్స్‌ల గుత్తికి "త్వరగా" అని రాయండి. ఎంగ్రెయిల్డ్ హోమియోడొమైన్ లాంటి మూడు హెలిక్స్‌ల బుడతడు మామూలు నీళ్ళలో మిల్లీసెకన్లలోనే విప్పుకుని మళ్ళీ మడతపడుతూ ఉంటాడు. మన ఆల్ఫా లైటిక్ ప్రోటియేజ్‌లో అంతా బీటా నిర్మాణమే. పెన్సిలు అని ఎందుకన్నానంటే, తర్వాతి అడుగులో చెరిపేయాల్సి రావచ్చు.

నాలుగో అడుగు: కనుమ నెత్తికి చేరేలోపు ఏది తెగాలి?

అసలు కథ ఇక్కడుంది. ప్రొటీన్ పూర్తిగా విప్పుకునేటప్పుడు అన్ని బంధాలూ పోతాయి. కానీ వేగాన్ని నిర్ణయించేది అన్నీ కాదు, కనుమ ఎక్కేలోపు తెగాల్సినవి మాత్రమే. నెత్తి దాటాక తెగేవి ఎన్నున్నా లెక్కలోకి రావు, అటువైపు అంతా దిగుడే. ఒక బంధం ఎంత బలమైనదైనా కనుమ మీద ఇంకా నిలిచే ఉంటే, దాని బలం విప్పుకునే వేగానికి సాయపడదు.

దీన్ని పట్టుకునే సాధనం ఫెర్ష్ట్ బృందం పెంచి పోషించిన ఫై విలువ. ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, చిన్న బంధం ఒకటి పోగొడతారు. మడత ఎంత బలహీనపడిందో, వేగం ఎంత మారిందో రెండూ కొలుస్తారు. మడత పడే వైపు కనుమ ఎత్తులో వచ్చిన మార్పును స్థిరత్వంలో వచ్చిన మార్పుతో భాగిస్తే ఫై వస్తుంది. ఆ మార్పు వల్ల స్థిరత్వం 1.36 కిలోక్యాలరీలు తగ్గిందనుకుందాం. ఫై సున్నా అయితే ఆ బంధం కనుమ దగ్గరికి వచ్చేసరికే తెగిపోయిందన్నమాట. విప్పుకునే వేగం పదింతలవుతుంది. ఫై ఒకటి అయితే ఆ బంధం కనుమ మీద కూడా చెక్కుచెదరకుండా ఉంది. విప్పుకునే వేగం అసలు మారదు, మడత పడే వేగం పదో వంతుకు పడిపోతుంది. సగమైతే విప్పుకునే వేగం మూడింతల పైచిలుకు.

సీఐ2లో ఇలా పదుల కొద్దీ మార్పులు చేసి చూస్తే చాలా చోట్ల ఫై సగం లోపే వచ్చింది. హెలిక్స్‌లో 16వ స్థానపు అలనీన్ దగ్గర మాత్రం ఒకటి దరిదాపుల్లో ఉంది. ఆ అలనీన్, దానికి ఆనుకున్న 49వ ల్యూసిన్, 57వ ఐసోల్యూసిన్ కలిసి చిన్న గుంపుగా ఏర్పడ్డాక చుట్టూ మిగతాది చేరుతుంది. విప్పుకునేటప్పుడు చివరిదాకా పట్టు వదలనిదీ ఆ గుంపే. సీఐ2 నెమ్మదిగా విప్పుకోవాలని హెలిక్స్ ముందు భాగానికి బలం చేకూర్చారనుకోండి, శ్రమ వృథా. బలం పెరుగుతుంది, విప్పుకునే వేగం దాదాపు అలాగే ఉంటుంది. కట్టుదిట్టం చేయాల్సింది కనుమకు ముందే సడలిపోయే అంచులను. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఏళ్ళ కొద్దీ అడ్డదిడ్డపు మ్యుటేషన్లు చేసే బాధ తప్పుతుంది.

ఫై విలువలు లేని కొత్త ప్రొటీన్ అయితే? నిర్మాణంలో ఇవి వెతకండి: గొలుసు రెండు కొసలు ఎక్కడున్నాయి, అవి స్వేచ్ఛగా వేలాడుతున్నాయా, మధ్యలో ఇరుక్కున్నాయా. కొస బీటా పోగు షీట్ అంచున ఉంటే చిరగడం అక్కడే మొదలవుతుంది. కొసలు షీట్ నడుమ ఇరుక్కుని ఉంటే మొదలవడానికే చోటు దొరకదు.

బస్తా కుట్టు పోలిక అచ్చంగా సరిపోయే ప్రయోగం యూబిక్విటిన్ మీద జరిగింది. 76 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్‌ను అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ కొనకు తగిలించి రెండు కొసలూ పట్టి లాగితే విప్పుకోవడానికి సగటున 203 పీకోన్యూటన్ల బలం కావలసి వచ్చింది. అదే ప్రొటీన్‌ను 48వ లైసిన్ దగ్గరా చివరి కొస దగ్గరా పట్టి లాగితే 85 చాలింది. ప్రొటీన్ మారలేదు, బంధాలూ మారలేదు. మొదటి పద్ధతిలో పోగుల మధ్య హైడ్రోజన్ బంధాలన్నీ ఒకేసారి కోతకు గురై, అన్నీ కలిసి భారం మోస్తాయి. రెండో పద్ధతిలో జిప్పు తీసినట్టు ఒకటి తర్వాత ఒకటి తెగుతాయి. కండరంలోని టైటిన్ అనే ప్రొటీన్ డొమైన్లను (విడివిడిగా మడత పడే భాగాలను) ప్రకృతి మొదటి రకంగా అమర్చింది. కండరం సాగినప్పుడు లాగే దిశలో బంధాలన్నీ భుజం భుజం కలిపి నిలబడతాయి. అందులో ఐ27 అనే డొమైన్ లాగకుండా వదిలేస్తే నీళ్ళలో విప్పుకునే రేటు సెకనుకు 0.00049. అర్ధాయువు ఇరవై నాలుగు నిమిషాలకు అటూ ఇటూ. అంత బలానికి నిలబడేది ఇంత త్వరగా విప్పుకుంటుందా అని ఆశ్చర్యపోకండి. వేడితోనో రసాయనంతోనో విప్పడం ఒక దారి, లాగి విప్పడం ఇంకో దారి. కనుమ కూడా వేరు కావచ్చు. కణంలో పనికిరాని ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్ వంటి యంత్రాలు కొసను పట్టి లోపలికి లాగుతాయి కాబట్టి వాటికి మొత్తం స్థిరత్వం కంటే తోక పక్కనున్న నిర్మాణం ముఖ్యం. మీ ప్రశ్న ఏ దారి గురించో ముందే తేల్చుకోండి.

అయిదో అడుగు: తాళాలు వెతకండి

డైసల్ఫైడ్ బంధం కనబడగానే "నెమ్మది" అని రాసేయకండి. అది ఏ రెండు భాగాలను కలుపుతోందో చూడండి. కనుమ దగ్గరికి వచ్చేసరికి విడిపోవాల్సిన భాగాలను కలిపి కుట్టి ఉంటే విప్పుకోవడం బాగా నెమ్మదిస్తుంది. కనుమ మీద కూడా కలిసే ఉండే భాగాలను కలిపి ఉంటే, అది మడత పడటాన్ని వేగవంతం చేస్తుందే గానీ విప్పుకోవడాన్ని పెద్దగా ఆపదు. స్థిరత్వం రెండు సందర్భాల్లోనూ పెరుగుతుంది, మోసపోయేది అందుకే.

తాళాలకు పరాకాష్ఠ సైక్లోటైడ్లు. 29 అమైనో ఆమ్లాల కలాటా బీ1లో గొలుసు రెండు కొసలూ కలిసిపోయి వలయమవుతుంది, దాని నడుమ మూడు డైసల్ఫైడ్లు ముడి పడతాయి. కాంగోలో కాన్పు త్వరగా కావడానికి ఒక మొక్కను నీళ్ళలో మరగబెట్టి తాగించేవారు. మరిగినా చెడని ఆ పదార్థం ఇదేనని నార్వే వైద్యుడు లోరెంట్స్ గ్రాన్ 1970ల్లో కనిపెట్టాడు. మన పెరళ్ళలో పూసే శంఖపుష్పంలోనూ సైక్లోటైడ్లున్నాయి. పట్టుకుని లాగడానికి అసలు కొసే లేని కుట్టు అది.

అతిథులు మరో రకం తాళం. కోడిగుడ్డు తెల్లసొనలోని ఓవోట్రాన్స్‌ఫెరిన్ ఇనుము లేనప్పుడు 60 డిగ్రీలు దాటగానే చెడుతుంది. ఇనుము పట్టుకుని ఉంటే అదే ప్రొటీన్ చాలా ఎక్కువ వేడి దాకా తట్టుకుంటుంది. పాలలోని ఆల్ఫా లాక్టాల్బుమిన్, తెల్లసొనలోని లైసోజైమ్ ఒకే వంశం, మడత చూస్తే అన్నదమ్ములు. మొదటి దాని నుంచి కాల్షియం తీసేస్తే ఇట్టే సడలిపోతుంది. మడత ఒకటే కదా అని ఒకదాని వేగాన్ని రెండోదానికి అంటగట్టకూడదు.

ఇక గుంపులు. నాలుగు గొలుసులు కలిసి ఒక ప్రొటీన్ అయినప్పుడు ముందు గుంపు విడిపోవాలి, ఆ తర్వాతే ఒక్కొక్కటీ విప్పుకోవాలి. రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను మోసే ట్రాన్స్‌థైరెటిన్ అలాంటిది. విడిగా పడిన గొలుసు చూస్తుండగానే విప్పుకుని పోగులు పోగులుగా పేరుకుంటుంది, నరాల్లో, గుండె కండరంలో. మొత్తం వేగాన్ని నిర్ణయించేది నాలుగూ విడిపోయే మొదటి మెట్టే. 30వ వాలీన్ మెథియోనీన్‌గా మారితే జబ్బు వస్తుంది. పోర్చుగల్‌లో కొన్ని కుటుంబాల్లో ఆ మార్పు ఉండీ జబ్బు రానివాళ్ళు కనబడ్డారు. వాళ్ళ రెండో జన్యు ప్రతిలో 119వ థ్రియోనీన్ మెథియోనీన్‌గా మారి ఉంది. ఆ మార్పు గుంపు విడిపోయే కనుమను పైకి లేపుతుందని జెఫ్రీ కెల్లీ బృందం చూపించింది. ఆ ఆలోచనతోనే టఫామిడిస్ మందు వచ్చింది. హార్మోన్ కూర్చునే గుంటల్లో దూరి నాలుగింటినీ కట్టిపడేస్తుంది. యూరప్‌లో 2011లో, అమెరికాలో 2019లో అనుమతి దొరికింది. నిర్మాణం చూసి విప్పుకునే వేగాన్ని మార్చడం మందుల దుకాణం దాకా వచ్చిందన్నమాట.

ఆరో అడుగు: అంచనా కాగితం మీద పెట్టండి

కొలవక ముందే రాయాలి. కొలిచాక రాస్తే అందరూ జ్యోతిష్కులే. "ఒంటరి గొలుసు, దూరపు తగులులు ఎక్కువ, ఒక కొస షీట్ అంచున స్వేచ్ఛగా ఉంది, కాల్షియం ఒకటి. మొదట సడలేది ఫలానా అంచు. నీళ్ళలో అర్ధాయువు నిమిషాలు కాదు, గంటలు. కాల్షియం తీస్తే సెకన్లు." ఇంత చాలు.

ఏడో అడుగు: కొలవండి

చాలా ప్రొటీన్లు నీళ్ళలో ఇంత నెమ్మదిగా విప్పుకుంటే ఎదురుచూడలేం. అందుకే మడతను విప్పే యూరియా గానీ గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్ గానీ కలిపి వేగం పెంచి, వెనక్కి లెక్కగట్టుకుంటూ వస్తాం. మడత పడిన ప్రొటీన్‌ను గాఢమైన ద్రావణంలో ఒక్కసారిగా కలిపి, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లపు మెరుపును గమనిస్తే సరి. మడత లోపల దాక్కున్నప్పుడు దాని కాంతి దాదాపు 330 నానోమీటర్ల దగ్గరుంటుంది, విప్పుకుని నీళ్ళకు తగిలాక 350 దాటుతుంది. చేత్తో కలిపితే మొదటి పది సెకన్లు పోయినట్టే. అంతకంటే త్వరగా విప్పుకునేవాటికి ద్రావణాలను తానే గబుక్కున కలిపే స్టాప్డ్ ఫ్లో యంత్రం కావాలి, అది ఒకటి రెండు మిల్లీసెకన్ల నుంచే చూడగలదు.

యూరియా ద్రావణం ఏ రోజుకారోజు చేసుకోండి. నిలవ యూరియాలో సయనేట్ పుట్టి లైసిన్‌లకు అతుక్కుంటుంది. నేను కొత్తలో వారం నాటి సీసా వాడి, రోజురోజుకూ వేగం పెరుగుతున్న వింత ప్రొటీన్ దొరికిందని మూడు రోజులు సంబరపడ్డాను. సీసా మార్చగానే వింత మాయమైంది. గాఢతను కూడా తూకంతో నమ్మకండి, రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి. గ్వానిడిన్ తేమ పీల్చుకుంటుంది.

వచ్చిన రేట్ల లాగరిథమ్‌ను గాఢతకు ఎదురుగా గీస్తే విప్పుకునే వైపు సరళరేఖ రావాలి. దాన్ని సున్నా మోలార్ దాకా వెనక్కి పొడిగించాలి. ఊహాజనితమైన లెక్క ఒకటి చూద్దాం. 4, 5, 6 మోలార్లలో రేట్లు సెకనుకు 0.02, 0.1, 0.5 వచ్చాయనుకోండి. ఒక్కో మోలారుకు అయిదింతలు. నాలుగు మోలార్లు వెనక్కి వెళితే 0.02ను 625తో భాగించాలి, 0.000032 వస్తుంది. అర్ధాయువు ఆరు గంటలు. అయిదింతలు కాక నాలుగింతలే అయి ఉంటే? రెండున్నర గంటలు. ఆరింతలయితే పన్నెండున్నర. వాలులో కాస్త పొరపాటుకే అయిదింతల తేడా. అందుకే వీలైనన్ని తక్కువ గాఢతల దగ్గర కూడా, రాత్రంతా పట్టినా సరే, కొలతలు తీసుకోండి. రేఖ వంగుతుంటే మధ్యలో మరో మజిలీ ఉందనో, గాఢతతో పాటు కనుమ స్థానం జరుగుతోందనో అర్థం. వంగినదాన్ని స్కేలుతో తిన్నగా చేయకూడదు.

యంత్రాలు లేని చిన్న ప్రయోగశాలకు ఇంకో దారి ఉంది. విల్ఫ్రెడో కోలోన్ బృందం ప్రచారంలోకి తెచ్చిన ఎస్‌డీఎస్ పరీక్ష. ఎస్‌డీఎస్ అంటే ప్రొటీన్లను విప్పే సబ్బు లాంటి పదార్థం. మామూలుగా జెల్ మీద నడపడానికి ప్రొటీన్‌ను ఎస్‌డీఎస్‌లో మరగబెడతాం. ఒక గొట్టం మరగబెట్టండి, ఇంకోటి మరగబెట్టకండి, రెండూ పక్కపక్కన నడపండి. రెండు గీతలూ ఒకే చోట ఉంటే ఎస్‌డీఎస్ దాన్ని చలిలోనే విప్పేసింది. వేరువేరు చోట్ల ఉంటే మరగనిది మడతలోనే ఉండి ఎస్‌డీఎస్‌ను దగ్గరికి రానివ్వలేదు, అంటే విప్పుకునే కనుమ ఎత్తైనది. ఇలా తట్టుకునేవాటిలో బీటా నిర్మాణం ఎక్కువున్నవీ గుంపులుగా ఉండేవే ఎక్కువ. మూడో అడుగులో పెన్సిలుతో రాసినది ఇక్కడ సరిచూసుకోవచ్చు.

వేడితో విప్పేటప్పుడు ఒక హెచ్చరిక. క్యాలరీమీటరులో వేడెక్కించే వేగం మారిస్తే కరిగే (అంటే మడత విప్పుకునే) ఉష్ణోగ్రత కూడా మారుతుంటే, ఆ అంకె స్థిరత్వానిది కాదు, వేగానిది. నివేదికలో దాన్ని స్థిరత్వమని రాసేవాళ్ళు ఇప్పటికీ కోకొల్లలు.

ఎనిమిదో అడుగు: వంటింట్లోనూ కంట్లోనూ సరిచూసుకోండి

వంట ఉష్ణోగ్రతలు అని మనం చెప్పుకునేవి నిజానికి వేగాల గురించే. ఇన్ని డిగ్రీల దగ్గర ఇది నిమిషాల్లో విప్పుకుంటుంది అని అర్థం. తెల్లసొనలో ఓవోట్రాన్స్‌ఫెరిన్ 60 డిగ్రీలు దాటగానే మొదలుపెడితే, ఎక్కువ పాళ్ళలో ఉండే ఓవాల్బుమిన్ 80 దాకా ఆగుతుంది. సన్నని సెగ మీద తెల్లసొన సగం గట్టిపడి సగం జారుగా ఉండిపోవడం అందుకే. పాలు ఎంత మరిగినా విరగకపోవడానికి కారణం అందులో ఎక్కువ భాగమైన కేసీన్‌కు విప్పుకోవడానికి గట్టి మడతే లేదు. వేడికి విప్పుకునేది పాలవిరుగుడు తేటలోని బీటా లాక్టోగ్లోబ్యులిన్.

రాజ్మాలోని ఫైటోహీమగ్లుటినిన్ అనే విషపు ప్రొటీన్ మన పాఠానికి అచ్చమైన ఉదాహరణ. బీటా షీట్ల మడత, పైగా నలుగురి గుంపు. అంటే మూడో అడుగూ అయిదో అడుగూ రెండూ "నెమ్మది" అనే చెబుతాయి. స్లో కుక్కర్లో 75, 80 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచినా అది పూర్తిగా చావకపోవచ్చు. గింజ మెత్తబడుతుంది, తిన్నవాళ్ళకు వాంతులవుతాయి. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో బాగా మరగబెట్టాలి. పది నిమిషాలు తప్పనిసరి, అరగంట అయితే నిశ్చింత. మన ప్రెషర్ కుక్కర్ 120 డిగ్రీల దరిదాపుల్లో నడుస్తుంది కాబట్టి ఇక్కడ ఈ బెడద వినబడదు.

కంటి కటకంలోని గామా డీ క్రిస్టలిన్‌ది ఇంకా కష్టమైన ఉద్యోగం. కటకం నడుమ ఉన్న ప్రొటీన్లు పుట్టుకకు ముందే తయారై, జీవితాంతం మార్పిడి లేకుండా ఉంటాయి. ఈ ప్రొటీన్‌లో రెండు డొమైన్లు, రెండూ బీటా షీట్లే, మధ్యలో ఒకదానికొకటి ఆనుకునే ముఖం. నీళ్ళలో విప్పుకునే అర్ధాయువు సంవత్సరాల్లో లెక్కకొస్తుందని జొనాథన్ కింగ్ బృందం కొలతలు. నాలుగో అడుగు ప్రకారం వెతికితే బలహీనమైన అంచు ఏది? ఆ రెండు డొమైన్లూ ఆనుకునే ముఖమే. అక్కడి గ్లుటమీన్‌లు వయసుతో అమైడ్ పోగొట్టుకుని రుణావేశం తెచ్చుకుంటే కనుమ ఎత్తు తగ్గుతుంది, సగం విప్పుకున్న అణువులు ఒకదానికొకటి అతుక్కోవడం మొదలవుతుంది. కంటి శుక్లం ఏర్పడే దారుల్లో ఇదొకటి. అలా సడలినవాటిని పట్టి ఉంచే కాపలాదారు ఆల్ఫా క్రిస్టలిన్. హైదరాబాద్ సీసీఎంబీలో సీహెచ్. మోహన్ రావు బృందం ఏళ్ళ తరబడి పనిచేసింది దీని మీదే. వేడి తగిలితే దాని సొంత నిర్మాణం కూడా కాస్త సడలి, లోపలి నూనె గుణం ఉన్న ముఖాలు బయటపడి, కాపలా సామర్థ్యం పెరుగుతుందని వాళ్ళు చూపించారు.